వడ్లు ఆరబోసిన రోడ్డు మీద స్టెబిలిటీ కంట్రోల్

కార్తీక మాసంలో మిర్యాలగూడ, హాలియా వైపు కారులో తిరిగినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. రెండు వరసల తారు రోడ్డు. ఎడమ సగం మీద వడ్లు పరిచి ఉంటాయి. అంచు వెంట వరసగా రాళ్లు, పక్కన రాత్రికి కప్పడానికి చుట్టి పెట్టిన టార్పాలిన్ పట్టాలు. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో కోతలన్నీ ఒక్కసారే వస్తాయి. మిషన్ కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా పడదు. కల్లం లేని రైతుకు తారు రోడ్డే కల్లం. ఆ రైతును తప్పుపట్టడం తేలిక, ఈ వ్యాసం పని మాత్రం అది కాదు. ఆ రోడ్డు మీద 70 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారుకు లారీ ఎదురైంది. కారు ఎడమకు జరిగింది. ఎడమ పక్క చక్రాలు రెండూ వడ్ల మీదికి ఎక్కాయి. డ్రైవరు బ్రేకు తొక్కాడు. ఆ తర్వాతి రెండు సెకన్లలో కారు లోపల ఏం జరుగుతుందన్నదే ఇక్కడి ముచ్చట.

మామూలు లెక్కలో జరగాల్సింది ఇది. కుడి చక్రాలు గట్టి తారు మీద ఉన్నాయి, వాటికి బ్రేకు బాగా పడుతుంది. ఎడమ చక్రాల కింద తారు లేదు, దొర్లే గింజలున్నాయి. గోళీల మీద అడుగేసినట్టు అవి జారుతాయి. ఒక పక్క గట్టిగా ఆగుతూ రెండో పక్క జారుతూ పోతే బండి మూతి గట్టిగా ఆగే పక్కకే తిరుగుతుంది. మన దేశంలో బండ్లు రోడ్డుకు ఎడమన నడుస్తాయి, వడ్లు కూడా ఎడమ అంచునే ఉంటాయి. కాబట్టి మూతి తిరిగేది కుడికి, అంటే సరిగ్గా లారీ మీదికి. బ్రేకు ఎంత గట్టిగా తొక్కితే అంత తొందరగా తిరుగుతుంది.

దీన్ని ఆపడానికే గత యాభై ఏళ్లలో కార్లలోకి ఒకదాని మీద ఒకటిగా మూడు ఏర్పాట్లు వచ్చాయి. మొదటిది ఏబీఎస్ (యాంటీ లాక్ బ్రేకింగ్ సిస్టం), రెండోది ట్రాక్షన్ కంట్రోల్, మూడోది స్టెబిలిటీ కంట్రోల్. షోరూంలో ఈ మూడూ ఒకే ఊపులో అప్పజెప్పేస్తారు. వినేవాళ్లకు మూడూ ఒకటేననిపిస్తుంది. పేర్ల గోల ఇంకా అన్యాయం. స్టెబిలిటీ కంట్రోల్‌నే హ్యుందాయ్ ఈఎస్‌సీ అంటుంది, హోండా వీఎస్ఏ అంటుంది, టయోటా వీఎస్‌సీ, బీఎండబ్ల్యూ డీఎస్‌సీ, నిస్సాన్ వీడీసీ అంటాయి. బాష్ సంస్థ పెట్టిన ఈఎస్‌పీ అనే పేరు ఇంకొన్ని కంపెనీల కార్ల మీద కనిపిస్తుంది. చేసే పని అన్నిట్లోనూ ఒకటే.

వీటిని అర్థం చేసుకోవాలంటే ముందు టైరు సంగతి తెలియాలి. కారు ఎంత పెద్దదైనా ఒక్కో టైరు నేలను తాకేది అరచేయంత మేరే. బండి కదలడం, ఆగడం, మలగడం అన్నీ ఆ నాలుగు అరచేతుల పట్టు మీద ఆధారపడ్డవే. ఆ పట్టుకు ఒక హద్దుంది. ఒకే జీతంలోంచి ఇంటి కిరాయి, కిరాణా రెండూ వెళ్లదీసుకున్నట్టు, టైరు తన దగ్గరున్న పట్టులోంచే బ్రేకుకు కొంత, మలుపుకు కొంత ఇవ్వాలి. మొత్తం బ్రేకుకే పోస్తే మలుపుకు ఏమీ మిగలదు. చక్రం పూర్తిగా బిగుసుకుపోయి జారుతున్న కారులో స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తిన్నగానే ఎందుకు పోతుందంటే ఇందుకే.

ఆ జీతం కూడా నేలను బట్టి మారుతుంది. ఎండిన తారు మీద పట్టు కొలత (ఘర్షణ గుణకం) సుమారు 0.8 అనుకుంటే, తడిసిన తారు మీద అది 0.5కు, అరిగిన టైర్లయితే 0.4కు కూడా పడిపోతుంది. 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు 0.8 పట్టు మీద బ్రేకు పడ్డాక సుమారు 32 మీటర్లలో ఆగుతుంది. పట్టు 0.4 అయితే 63 మీటర్లు కావాలి. డ్రైవరు చూసి కాలు వేసేలోపు గడిచే దూరం ఇందులో లేదు. మృగశిర కార్తెలో మొదటి వాన పడ్డ రోజు సంగతి ఇంకో రకం. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము, రబ్బరు పొడి తొలి చినుకులకు నానిపోయి సబ్బులా తయారవుతాయి. గట్టి వాన ఒకటి పడి రోడ్డు కడిగేదాకా ఆ జారుడు పోదు.

ఏబీఎస్ చేసే పని చక్రాన్ని బిగుసుకుపోనివ్వకపోవడం. ప్రతి చక్రం దగ్గర ఒక సెన్సరు ఉంటుంది, చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో అది చెబుతుంటుంది. కారు పోయే వేగం కన్నా చక్రం తిరిగే వేగం పదినుంచి ఇరవై శాతం దాకా తక్కువగా ఉన్నప్పుడే టైరు ఎక్కువ పట్టు ఇస్తుంది. అది దాటి చక్రం ఆగిపోబోతుంటే ఏబీఎస్ ఆ చక్రానికి పోయే బ్రేకు ఆయిల్ ఒత్తిడిని వదులుతుంది, మళ్లీ పడుతుంది, మళ్లీ వదులుతుంది. ఇదంతా సెకనులో చాలాసార్లు జరుగుతుంది కాబట్టి పెడల్ కింద కాలికి గరగరమని తగులుతుంది. చాలామంది ఆ గరగరకు భయపడి, ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తారు. నిజానికి బ్రేకు అప్పుడే పని చేస్తోంది. పాత లారీల మీద నేర్చుకున్నవాళ్లకు బ్రేకును కొట్టి కొట్టి వదలడం అలవాటు. ఏబీఎస్ ఉన్న కారులో ఆ అలవాటు నష్టమే చేస్తుంది. గట్టిగా తొక్కి పట్టుకోవాలి, కొట్టి వదిలే పనిని మిషన్‌కు అప్పగించాలి.

నాలుగు చక్రాలకూ ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను 1978లో బాష్ తయారు చేస్తే మెర్సిడెస్ తన ఎస్ క్లాస్ కారులో పెట్టింది. మన దేశంలో అన్ని కొత్త కార్లకూ అది తప్పనిసరి కావడానికి 2019 ఏప్రిల్ దాకా పట్టింది.

ట్రాక్షన్ కంట్రోల్ దీనికి తిరగేసిన రూపం. బ్రేకు తొక్కితే చక్రం ఆగిపోవడం ఒక రోగమైతే, రేస్ ఇస్తే చక్రం ఉన్నచోటే గిరగిరా తిరగడం ఇంకో రోగం. చక్రాల సెన్సర్లు ఎలాగూ ఉన్నాయి. ఒక చక్రం మిగతావాటికన్నా విపరీతంగా తిరుగుతోందంటే అది జారుతోందని కంప్యూటరుకు తెలిసిపోతుంది. అప్పుడది రెండు పనులు చేయగలదు. ఒకటి ఇంజిన్ శక్తిని తగ్గించడం. డ్రైవరు యాక్సిలరేటర్ అణిచిపట్టినా ఇంజిన్ ఆ మాట వినదు. రెండోది జారుతున్న ఆ ఒక్క చక్రానికే బ్రేకు వేయడం.

ఈ రెండోదాని వెనక మంచి కిటుకు ఉంది. కారులో ఇంజిన్ తిప్పే రెండు చక్రాల మధ్య డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టె ఉంటుంది. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగడానికి వీలు కల్పించేది అదే. దానికి ఒక బలహీనత ఉంది. రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన బలమే పంచుతుంది. ఒక చక్రం బురదలో ఉండి ఏ బలమూ తీసుకోలేకపోతే, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది. అందుకే ఒక చక్రం గిర్రున తిరుగుతూ బురద చిమ్ముతుంటే, రెండోది కదలకుండా చూస్తూ నిలబడుతుంది. జారే చక్రానికి బ్రేకు వేస్తే డిఫరెన్షియల్ మోసపోతుంది. అక్కడ ఎదురుబలం దొరికిందనుకుని బలం పంపుతుంది, దానికి సమానంగా రెండో చక్రానికీ పంపక తప్పదు. బండి బయటపడుతుంది.

అలంపూర్, గద్వాల వైపు నల్లరేగడి పొలాల బాటల్లో వానాకాలం కారు దింపినవాళ్లకు ఇదే ట్రాక్షన్ కంట్రోల్ శత్రువులా అనిపించిన సందర్భాలూ ఉంటాయి. రేగడి బురద టైరు గాళ్లలో నిండిపోతే టైరు నున్నటి రోకలిలా మారుతుంది. ఆ బురద ఊడిపడాలంటే చక్రం కొంచెం విసురుగా తిరగాలి. ట్రాక్షన్ కంట్రోల్ ఆ విసురును జారుడు కింద లెక్కగట్టి ఇంజిన్ గొంతు నొక్కేస్తుంది. నాలుగు చక్రాలూ మెత్తటి నేలలో ఉన్నప్పుడు ఒకదాని బలం ఇంకోదానికి ఇచ్చే ఉపాయమూ పెద్దగా పనికిరాదు. కారు బొమ్మ కింద వంకరగీతలున్న బటన్ పెట్టిందే ఇలాంటి వేళల కోసం. ఒకసారి నొక్కితే చాలా కార్లలో ట్రాక్షన్ కంట్రోల్ ఆగుతుంది. కొన్నింట్లో ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటే స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఆగుతుంది. బురద దాటి తారు ఎక్కగానే మళ్లీ వేసేయాలి. పాలమూరు ఎర్ర చెల్కల్లో ఈ బాధ తక్కువ, ఇసుక పాలు ఎక్కువ కాబట్టి నీళ్లు తొందరగా ఇంకిపోతాయి.

ఇక అసలుది, మూడోది. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ రెండూ చక్రాన్నే చూస్తాయి. స్టెబిలిటీ కంట్రోల్ కారును మొత్తంగా చూస్తుంది. దానికి చక్రాల సెన్సర్లు చాలవు. స్టీరింగ్ ఎంత తిప్పారో చెప్పే సెన్సరు ఒకటి, కారు తన ఇరుసు మీద బొంగరంలా ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే సెన్సరు ఒకటి, పక్కకు ఎంత బలంతో నెట్టుకుపోతోందో చెప్పేది ఇంకొకటి అదనంగా ఉంటాయి. స్టీరింగ్ సెన్సరు డ్రైవరు ఎటు పోవాలనుకుంటున్నాడో చెబుతుంది. మిగతావి కారు నిజంగా ఎటు పోతోందో చెబుతాయి. ఈ రెంటినీ సెకనుకు 25 సార్లు పోల్చి చూస్తుందని బాష్ చెబుతుంది. రెండూ కలిసినంతసేపు అది నోరు మెదపదు. తేడా వచ్చిందంటే డ్రైవరు బ్రేకు తొక్కకపోయినా తనే ఒక్క చక్రానికి బ్రేకు వేస్తుంది. ఇందుకోసం బ్రేకు ఆయిల్ పెట్టెలో మామూలు ఏబీఎస్‌కు ఉండే ఎనిమిది వాల్వులు చాలవు, పన్నెండు ఉంటాయి. ఎవరూ పెడల్ తొక్కకుండానే ఒత్తిడి పుట్టించే పంపు కూడా అక్కడే ఉంటుంది.

ఏ చక్రానికి బ్రేకు వేయాలన్నదే దాని తెలివంతా. ఈగలపెంట దాటి శ్రీశైలం డ్యాం వైపు దిగే ఘాట్‌లో ఎడమ మలుపు ఒకటి ఊహించుకుంటే, అక్కడ రెండు రకాల తప్పులు జరగొచ్చు. వేగం ఎక్కువై ముందు టైర్లు పట్టు వదిలేస్తే, స్టీరింగ్ తిప్పినా కారు మలగకుండా తిన్నగా అవతలి అంచుకు పోతుంది. అప్పుడు స్టెబిలిటీ కంట్రోల్ లోపలి పక్క వెనక చక్రానికి, అంటే ఎడమ వెనక చక్రానికి బ్రేకు వేస్తుంది. ఆ చక్రం గుంజలా నిలబడితే కారు దాని చుట్టూ ఎడమకు తిరుగుతుంది. రెండో తప్పు దీనికి ఎదురు. వెనక టైర్లు పట్టు వదిలి బండి తోక బయటికి విసిరికొడుతుంది, కారు అవసరానికి మించి తిరిగిపోతుంది. అప్పుడు బయటి పక్క ముందు చక్రానికి, అంటే కుడి ముందు చక్రానికి బ్రేకు పడుతుంది. తిరుగుతున్న మూతిని అది వెనక్కి లాగుతుంది. రెండు సందర్భాల్లోనూ ఇంజిన్ బలాన్ని కూడా తగ్గిస్తుంది. మనిషికి ఉన్నది ఒక్క బ్రేకు పెడల్. ఎంత ఆరితేరిన డ్రైవరైనా నాలుగు చక్రాల్లో ఒక్కదానికే బ్రేకు వేయలేడు. చేయి తిరిగిన డ్రైవరుకు ఇవేవీ అక్కర్లేదనే మాట దాబాల దగ్గర తరచుగా వినిపిస్తుంది. ఆ మాటకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఒక సంగతి మాత్రం ఆ మిషన్‌కు తెలియదు. రోడ్డు ఎటు పోతోందో దానికి తెలియదు. స్టీరింగ్ ఎటు ఉంటే డ్రైవరు కోరిక అటేనని నమ్ముతుంది. జారుతున్న కారులో మనిషి బిగుసుకుపోయి స్టీరింగ్‌ను గుంట వైపే పట్టుకుని కూర్చుంటే, స్టెబిలిటీ కంట్రోల్ ఎంతో నమ్మకంగా గుంట వైపే తీసుకుపోతుంది. చూపు పోవాల్సిన దారి మీద ఉండాలి, చేతులు చూపు వెంట పోవాలి. మిగతాది దాని పని.

ఈ ఏర్పాటు 1995లో మెర్సిడెస్ ఖరీదైన కూపే కారులో మొదలైంది. అక్కడే ఉండిపోయేదేమో గాని, 1997 అక్టోబరులో స్వీడన్‌లో జరిగిన ఒక సంఘటన దాన్ని చిన్న కార్లలోకి తోసింది. ఆ దేశంలో మూస్ అనే పెద్ద జాతి దుప్పి అడవిలోంచి రోడ్డు మీదికి వస్తుంటుంది. దాన్ని తప్పించడానికి డ్రైవరు ఒక్కసారిగా పక్కకు కోసి, మళ్లీ వెంటనే తన వరసలోకి రావాలి. అక్కడి ఒక కార్ల పత్రిక వాళ్లు ఇదే పరీక్షను 60 కిలోమీటర్ల వేగం దగ్గర కొత్త మెర్సిడెస్ ఏ క్లాస్ మీద చేస్తే కారు పల్టీ కొట్టింది. అందరూ నవ్వుకునే తూర్పు జర్మనీ పాత ట్రాబాంట్ కారు అదే పరీక్షలో నిలబడి చూపించేసరికి పరువు పోయింది. మెర్సిడెస్ అమ్మకాలు ఆపి, అప్పటికే అమ్మిన కార్లను వెనక్కి పిలిపించి, సస్పెన్షన్ మార్చి, ఆ చిన్న కారుకు స్టెబిలిటీ కంట్రోల్‌ను మామూలు సామానులో చేర్చింది.

మూస్ మనకు లేకపోయినా ఆ పరీక్ష మాత్రం మనదే. జడ్చర్ల దాటి కొత్తకోట, పెబ్బేరు వైపు 44వ జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్ల వేగంలో పోతున్నప్పుడు డివైడర్ సందులోంచి బర్రె ఒకటి తాపీగా నడిచొస్తుంది. వెనక ఇంకో రెండుంటాయి. మన్ననూరు నుంచి అమ్రాబాద్ అడవిలోకి పోతే అడవి పందులు, కోతులు. స్టీరింగ్ కుడికి కోసినప్పుడు బండి బరువంతా ఎడమ టైర్ల మీద పడుతుంది. వెంటనే ఎడమకు కోస్తే ఆ బరువు ఊగి కుడి పక్కకు వచ్చి పడుతుంది. మొదటి కోతలో కారు పల్టీ కొట్టడం అరుదు. రెండో కోతలోనే ప్రమాదం. ఎత్తుగా ఉండే ఎస్‌యూవీలకు అది మరీ ఎక్కువ. ఈ ఊపు మొదలైన క్షణంలోనే స్టెబిలిటీ కంట్రోల్ బయటి ముందు చక్రాన్ని పట్టి విసురు తగ్గిస్తుంది. దీనివల్ల వేరే బండి ప్రమేయం లేకుండా జరిగే ప్రమాదాలు మామూలు కార్లలో 34 శాతం, ఎస్‌యూవీల్లో 59 శాతం తగ్గుతాయని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2007లో నియమం తెచ్చినప్పుడు అంచనా కట్టింది. 2012 మోడళ్ల నుంచి అక్కడ అన్ని కార్లకూ అది తప్పనిసరి, ఐరోపాలో 2014 నవంబరు నుంచి. సీటు బెల్టు తర్వాత కారులోకి వచ్చిన అతి పెద్ద రక్షణ ఇదేనంటే అతిశయోక్తి కాదు. ఎయిర్‌బ్యాగు గుద్దుకున్నాక విచ్చుకుంటుంది, ఇది అసలు గుద్దుకోకుండా చూస్తుంది.

ఇప్పుడు వడ్ల దగ్గరికి మళ్లీ రావచ్చు. ఎడమ చక్రాలు గింజల మీద, కుడి చక్రాలు తారు మీద, కాలు బ్రేకు మీద. కుడి ఎడమల మధ్య తేడాను ఏబీఎస్ గుర్తిస్తుంది. వెనక చక్రాలు రెంటికీ బలహీనమైన చక్రం తట్టుకునేంత ఒత్తిడే ఇస్తుంది, కాబట్టి తోక గట్టిగా నిలబడుతుంది. ముందు కుడి చక్రానికి పూర్తి ఒత్తిడిని ఒక్కసారిగా ఇవ్వకుండా మెల్లగా పెంచుతుంది. మూతి కుడికి తిరగడం నిదానిస్తుంది, ఎడమకు కొంచెం స్టీరింగ్ పట్టి సరిచేసుకునే సమయం మనిషికి దొరుకుతుంది. అప్పటికీ కారు తిరిగిపోతుంటే స్టెబిలిటీ కంట్రోల్ అందుకుంటుంది. దీనికి ఒక ధర ఉంది. కుడి చక్రాల పట్టులో కొంత వాడకుండా వదిలేశారు కాబట్టి కారు ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. తిన్నగా ఉండటం కోసం దూరాన్ని ఇచ్చుకుంది. లారీ ఎదురుగా ఉన్నప్పుడు ఆ బేరం మంచిదే. రోడ్డు అడ్డంగా ట్రాక్టరు ఆగి ఉన్నప్పుడు అంత మంచిది కాదు.

ఇంకో చిన్న ప్రమాదం ఎవరూ చెప్పనిది. వడ్ల పరుపు ఎక్కడో ఒకచోట అయిపోతుంది. అప్పటికి స్టీరింగ్ ఎడమకు తిప్పి పట్టుకుని ఉంటే, ఎడమ టైర్లకు ఒక్కసారిగా తారు పట్టు దొరకగానే కారు ఎడమకు దూకుతుంది. అక్కడ రోడ్డు అంచు రాళ్లుంటాయి, దాటితే పొలం కాలువ. ఆ దూకుడును పట్టుకునేది కూడా స్టెబిలిటీ కంట్రోలే, కానీ వేగం తక్కువుంటేనే. నాట్ల కాలంలో దమ్ము చేసి రోడ్డెక్కిన ట్రాక్టర్ల కేజ్ వీల్స్ (దమ్ముకు వేసే ఇనుప చక్రాలు) నుంచి రాలిన బురద ముద్దల మీదా కథ ఇంతే. అవి వాన పడ్డాక మరీ పలచగా పరుచుకుని, చూపుకు తడి రోడ్డులాగే కనిపిస్తాయి.

గింజలు, కంకర, ఇసుక మీద ఏబీఎస్ గురించి ఒక నిజం ఒప్పుకోవాలి. వదులు నేల మీద బిగుసుకుపోయిన చక్రం తన ముందు మట్టిని కుప్పగా తోసుకుంటూ పోతుంది, ఆ కుప్పే బండిని ఆపుతుంది. ఏబీఎస్ చక్రాన్ని తిరగనిస్తుంది కాబట్టి ఆ కుప్ప పెరగదు, ఆగే దూరం పెరుగుతుంది. అయినా స్టీరింగ్ పనిచేస్తూ ఉండటం కోసం ఆ నష్టాన్ని భరించడమే మేలు.

హద్దులు ఎక్కడున్నాయో కొలిచి చూపించవచ్చు. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న ఘాట్ మలుపును ఎండిన తారు మీద, 0.8 పట్టుతో, ఏ కారైనా గరిష్ఠంగా 71 కిలోమీటర్ల వేగంతో దాటగలదు. అదే మలుపులో వాన, నూనె కలిసి పట్టు 0.3కు పడితే ఆ హద్దు 44 కిలోమీటర్లు. 60లో వచ్చిన కారును ఏ ఎలక్ట్రానిక్సూ ఆ మలుపులో నిలపలేవు. ఎందుకంటే స్టెబిలిటీ కంట్రోల్ కొత్తగా పట్టును పుట్టించదు, ఉన్న పట్టును నాలుగు చక్రాల మధ్య సర్దుతుంది. జీతం అంతే, ఖర్చు పెట్టే తెలివి మాత్రమే పెరిగింది. ఘాట్‌లో గేర్ తగ్గించి దిగాలన్న పాత మాట ఇప్పటికీ చెల్లుతుంది. ఎక్కేటప్పుడు మాత్రం ఒక లాభం ఉంది. స్టెబిలిటీ కంట్రోల్ పంపు, వాల్వులనే వాడుకుని చాలా కార్లలో హిల్ హోల్డ్ ఇస్తారు. ఎక్కుడులో ఆగి మళ్లీ కదిలేటప్పుడు బ్రేకు మీది కాలు తీశాక రెండు సెకన్లు బండిని అది వెనక్కి జారనివ్వదు.

జీతం తగ్గడానికి కారణాలు చాలావరకు మన చేతిలోవే. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టం ప్రకారం మార్చాల్సిందే, వానాకాలానికి ఆ హద్దు దాకా ఆగడమే తెలివితక్కువ. 65వ జాతీయ రహదారి మీద జోరువానలో నీళ్లు నిలిచినచోట గుండు టైరు నీళ్లను పక్కకు తోయలేక వాటి మీద తేలుతుంది. తేలిన టైరుకు బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు, స్టెబిలిటీ కంట్రోల్ పంపిన ఆజ్ఞా నేలకు చేరదు. ఐదుగురి కారులో తొమ్మిదిమంది ఎక్కి, పైన క్యారియర్ మీద సామాను కట్టి మన్యంకొండ జాతరకు పోయినప్పుడు బండి బరువు ఎక్కడుందో కంప్యూటరు అనుకున్న లెక్క వేరు, నిజం వేరు.

కొత్త కారు కొనేవాళ్లకు ఒక్క మాట. కార్లను గుద్దించి చూసి భద్రతకు నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ రేటింగు 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. అందులో మూడు నక్షత్రాలు, ఆపైన రావాలంటే స్టెబిలిటీ కంట్రోల్ ఉండాలి. అందుకే ఇప్పుడు చాలా మోడళ్లలో కింది వేరియంట్ నుంచే ఇస్తున్నారు. ఇవ్వని మోడల్ ఎదురైనప్పుడు, అదే డబ్బుకు సన్‌రూఫా ఇదా అనే ప్రశ్న వస్తుంది. వైశాఖంలో నల్లగొండ ఎండకు సన్‌రూఫ్ తెరిచి తిరిగేవాళ్లు ఎందరో లెక్కపెట్టుకుంటే జవాబు దొరుకుతుంది.

చివరిది డ్యాష్‌బోర్డు మీది పసుపు లైటు. కారు వెనక వంకరగీతలున్న ఆ బొమ్మ మిణుకుమిణుకుమంటే మిషన్ ఆ క్షణంలో పనిచేస్తోందని అర్థం. చెడిపోయిందని కాదు. అయితే అది చిన్న విషయమూ కాదు. టైర్ల పట్టు అయిపోయింది, మిగతా దారి అప్పు మీద నడుస్తోందని చెబుతోంది. మలుపులో ఒకసారి మిణుకుమందంటే తర్వాతి మలుపుకు వేగం తగ్గించుకోవాలి. మిణకకుండా తిన్నగా వెలిగి ఉంటే రెండు అర్థాలు. బటన్ నొక్కి ఆపేసి ఉండొచ్చు, లేదా ఏదో లోపం వచ్చి ఆ ఏర్పాటు తనంతట తానే పక్కకు తప్పుకుని ఉండొచ్చు.

లోపాలు చాలావరకు చిన్నవే. చక్రం దగ్గరి సెన్సరు వైరు బురదకు, రాళ్లకు తెగుతుంది. పంట చేతికొచ్చే కాలంలో పశువుల కొట్టం పక్కన ఆపిన కారు వైర్లను ఎలుకలు కొరుకుతాయి. బ్యాటరీ మార్చాక గానీ, వీల్ అలైన్‌మెంట్ చేయించాక గానీ లైటు వెలిగితే స్టీరింగ్ సెన్సరుకు తిన్నగా అంటే ఏదో మళ్లీ నేర్పాలి. కొన్ని కార్లలో స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పితే సరిపోతుంది, కొన్నింటికి షెడ్డులో స్కానర్ పెట్టాలి. ఒకే ఇరుసు మీద ఒక పక్క కొత్త టైరు, ఇంకో పక్క అరిగిన టైరు వేసినా రెండు చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరిగి కంప్యూటరును తికమక పెడతాయి.

సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి పోయినప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయకముందు కీ ‘ఆన్’ దాకా తిప్పి ఆగాలి. ఏబీఎస్ లైటు, ఈ వంకరగీతల లైటు రెండూ వెలిగి, ఇంజిన్ నడిచాక కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. ఆరకపోతే బేరం తగ్గించమని అడగొచ్చు. ఆ ఏర్పాటు ఉన్న కారులో కీ తిప్పినప్పుడు అవి అసలు వెలగనే వెలగకపోతే, లోపాన్ని బాగుచేయించకుండా లైటు కనెక్షన్ తీసేశారేమోనని మీటరు బోర్డు విప్పి చూపించమనాలి.